మెట్లెక్కించిన గళ్ళట్టు

మా అమ్మకి కుడి మోకాలు మార్చారు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. బ్రహ్మాండంగా జరగబట్టే అమ్మ నడవలేకపోయింది. ఈ మాట మీకు అర్థం కాకపోతే బాధపడకండి, ఆపరేషన్ చేసిన డాక్టరుగారికీ అర్థం కాలేదు.

రెండు నెలలయ్యాక చూపించడానికి తీసుకెళ్ళాను. ఆయన ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి, తన పనితనానికి తానే కాసేపు మురిసిపోయారు. తర్వాత అమ్మ తొడ మీద వేలితో నొక్కి చూసి మొహం చిట్లించారు.

"కీలు దివ్యంగా ఉందమ్మా. కండే లేదు. కండ లేకుండా కొత్త కీలొక్కటీ ఏం చేస్తుంది? ప్రోటీన్ తినాలి. రోజుకి రెండు గుడ్లు, వారానికి మూడుసార్లు చేపో కోడో."

"అలాగేనండీ," అంది అమ్మ, బళ్ళో పిల్లలా చేతులు కట్టుకుని.

నాకు ప్రాణం లేచొచ్చింది. చల్లపల్లి పక్కన వ్యవసాయం చేసుకుని బతికిన కుటుంబం మాది. చేపల పులుసు కాగని ఆదివారం నా చిన్నతనంలో ఒక్కటీ గుర్తులేదు. గుడ్లు తినమంటే అమ్మకి అదొక శిక్షా?

ఆటో ఎక్కాక అసలు సంగతి బయటపెట్టింది. ఆపరేషన్ ముందురోజు దుర్గమ్మవారికి మొక్కుకుందట. మత్తులోంచి క్షేమంగా కళ్ళు తెరిస్తే కొండ మెట్లన్నీ నడిచి ఎక్కి, మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టిస్తానని. ఎక్కేదాకా నీచు ముట్టనని. నీచంటే గుడ్డు కూడా.

"మరి డాక్టరుగారితో చెప్పలేదేం?"

"పాపం, అంత చదువుకున్నాయన. ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకురా?"

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అంటారు. మా ఇంట్లో గుడ్డు తింటే గానీ మెట్లెక్కలేదు, మెట్లెక్కితే గానీ గుడ్డు తినదు. భవానీపురంలో మా ఇల్లు వచ్చేదాకా ఆటోలో నేను ఇంకో మాట మాట్లాడలేదు. నాకు కోపం వస్తే మాట్లాడను. అమ్మకి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే హాయిగా బయటికి చూస్తూ కూర్చుంది.

కోపం కింద ఉన్నది భయం. ఆ రోజుల్లో అమ్మ వాకరు పట్టుకుని హాల్లో నాలుగడుగులు వేసి, టీవీ ముందు ఆగి, సీరియల్ చూడ్డానికి ఆగినట్టు నిలబడేది. టీవీ ఆపేసి ఉండేది. నల్లటి తెర వంక రెండు నిమిషాలు చూసి, ఆయాసం తగ్గాక మళ్ళీ కదిలేది. ఆ ఆగడాలు రోజురోజుకీ ఎక్కువవుతున్నాయి. ఇంకో మూడు నెలలు ఇలాగే గడిస్తే మంచం దిగదని నాకు లోపల గట్టిగా అనిపించింది, పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు.

ముందు లొసుగులు వెతికాను. కొండ పైదాకా బస్సుంది కదా, బస్సులో వెళ్దామన్నాను.

"నేను మొక్కింది మెట్లకిరా, బస్సుకి కాదు."

పోనీ మొక్కు మార్చుకో, గుడ్డు బదులు ఇంకేదైనా వదిలేస్తానని చెప్పుకో అన్నాను. అమ్మ నా వంక జాలిగా చూసి కాకరకాయ సంగతి ఎత్తింది. పదో తరగతిలో లెక్కల పరీక్ష ముందు, పాసైతే జన్మలో కాకరకాయ తిననని నేను అమ్మవారికి మొక్కుకున్నాను. అది తెలిసి అమ్మ నవ్వలేదు, తిట్టింది. "నీకు కాకరకాయంటే అసహ్యం కదరా! అసహ్యమైనదాన్ని వదిలేస్తే అది మొక్కు కాదు, వేషం. ప్రాణమైనదాన్ని వదలాలి. అమ్మవారికి తెలీదనుకున్నావా?" అని, ఆ వేసవంతా నన్ను మామిడిపండు ముట్టనివ్వలేదు. మైలవరం నుంచి వచ్చిన రసాల బుట్ట నా కళ్ళ ముందే ఖాళీ అయిపోయింది. పరీక్ష పాసయ్యాను గానీ ఆ బుట్టని ఇప్పటికీ మర్చిపోలేదు. అలాంటి మనిషితో మొక్కు బేరమాడబోవడం నాదే బుద్ధితక్కువ.

ఇక మిగిలింది వంట. మా ఇంట్లో పొద్దున్న వంట నాది. నా భార్య స్కూలు టీచరు, ఏడింటికల్లా బస్సెక్కాలి. నా ఆఫీసు పదిన్నరకి. అమ్మ మధ్యాహ్నం నాలుగు ముద్దలు, రాత్రి గ్లాసుడు మజ్జిగ, అంతే. ఏదైనా గట్టిగా తినేది పొద్దున్న టిఫినే. శనగలు ఉడకబెట్టి ఇస్తే, "ముసలిదాన్ని, గుగ్గిళ్ళు నమలమంటావా?" అంది. మీల్ మేకర్ వండితే గిన్నె మూత తీసి చూసి, "అచ్చం మాంసంలాగే ఉంది, మొక్కు చెడుతుంది," అని మూత పెట్టేసింది. అదే మనిషి పక్కింటి పాప పుట్టినరోజు కేకు రెండు ముక్కలు తింది. కేకులో గుడ్డుంటుంది కదమ్మా అంటే, "కనపడదు కదరా," అంది.

అట్టయితే తింటుంది. కానీ నాకు అట్టు తిరగెయ్యడం రాదు. యాభై ఒక్కేళ్ళ వయసులో ఈ నిజం రాయడానికి సిగ్గుగానే ఉంది. నేను పోసే అట్టుకి అట్లకాడ తగిలితే చాలు, మూడు ముక్కలై మూడు దిక్కులకి పోతుంది. ఆ బాధలో ఉండగా ఫోన్లో ఒక వీడియో కనిపించింది. చొక్కా లేని ఒక కండల మనిషి ఓట్లూ అరటిపండూ ప్రోటీన్ పొడీ కలిపి, ఒక మిషన్లో పోసి, మూత వేసి, రెండు నిమిషాల్లో గళ్ళుగళ్ళుగా ఉన్న వాఫిల్ తీశాడు. తిరగెయ్యనే లేదు. నేను ఆ వీడియో పదకొండుసార్లు చూశాను.

అలాంటి మిషను మా అటక మీదే ఉందని గుర్తొచ్చింది. మా గృహప్రవేశానికి ఎవరో ఇచ్చారు. ఎవరిచ్చారో తెలీదు, ఆరేళ్ళుగా రంగు కాగితం కూడా విప్పకుండా దాచాం. దించుతుంటే నా భార్య స్టూలు పట్టుకుని నిట్టూర్చింది.

"వచ్చే నెల పెళ్ళికి ఇదే ఇచ్చేద్దామనుకున్నానండీ."

"మా అమ్మ కాళ్ళ కంటే ఎక్కువా ఆ పెళ్ళి?"

"నేనేమన్నాను? వాడాక మీరే కడగండి. ఆ గళ్ళన్నీ మీవే."

మొదటి రోజు ప్రోటీన్ పొడి డబ్బా తెచ్చాను. డబ్బా మీద బొమ్మ చూసి అమ్మ, "ఈ పహిల్వాను తినేది నేనెందుకు తినాలిరా?" అంది. పాల పొడేనమ్మా అన్నాను. పిండి పోశాను, మూత వేశాను. రెండు నిమిషాలకి తెరిస్తే సగం పైన అంటుకుంది, సగం కింద అంటుకుంది. అమ్మ వాకరు టకటకలాడించుకుంటూ వంటింట్లోకి వచ్చి నిర్ణయం చెప్పింది. "పెనం పదును పట్టలేదు. ఉల్లిపాయ చెక్కకి నూనె అద్ది రుద్దు."

తరతరాలుగా మా ఇళ్ళలో ఏ అట్టు అంటుకున్నా ఇదే మందు. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, మిషను పుస్తకంలో అలా రాయలేదని తెలుసు, అయినా ఎదురు చెప్పలేదు. ఉల్లిపాయని సగానికి కోసి, ఫోర్కుకి గుచ్చి, గళ్ళన్నిట్లోనూ భక్తిగా రుద్దాను. రెండో వాఫిల్ చక్కగా ఊడొచ్చింది. వెనిలా వాసన, అరటిపండు తీపి, వాటి వెనకాల నుంచి పచ్చి ఉల్లిపాయ. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఎంతసేపటికీ మింగలేక, కక్కలేక, కిటికీ వైపు తిరిగింది. మిగతావి నేనే తిన్నాను. పారెయ్యడానికి చేతులు రాలేదు, పొడి డబ్బా చాలా ఖరీదు.

రెండోసారి తప్పు కూడా అమ్మదే, కాదు, మా ఇద్దరిదీ. "అసలు పొద్దున్న కలిపి పొద్దున్న పోస్తే ఏం బాగుంటుందిరా? పులవని పిండీ ఒక పిండేనా?" అంది. సాయంత్రమే కలిపి పెట్టమంది. నాకూ నిజమే అనిపించింది, ఇడ్లీ పిండి తినే నోళ్ళు కదా మావి. ఓట్లు, పెరుగు, బేకింగ్ పౌడరు, పాల పొడి అన్నీ కలిపి మూత పెట్టి వంటింటి గట్టు మీద ఉంచాను. బెజవాడలో జూన్ నెల, ఎండలింకా తగ్గలేదు. పొద్దున్న లేచేసరికి ఆ పిండి గిన్నెలోంచి లేచి, మూతని నెత్తిన పెట్టుకుని, గట్టు దిగి, నా భార్య లంచ్ బ్యాగు దాకా ప్రయాణం చేసింది. ఆవిడ స్కూలుకి వెళ్తూ ఒక్క మాటే అంది, "దీనికి మీ అమ్మగారి కంటే కాళ్ళు బాగున్నాయండీ." నాకు నవ్వు రాలేదు. గదిలోంచి అమ్మ పగలబడి నవ్వడం వినపడింది, అప్పుడు నాకూ వచ్చింది.

మూడోసారి చేసింది మాత్రం నవ్వుకునే పని కాదు. ఒక రోజు పొద్దున్న కిందికి వెళ్ళి నాలుగు గుడ్లు కొనుక్కొచ్చాను. కేకులో గుడ్డు కనపడనప్పుడు వాఫిల్లో మాత్రం ఎలా కనపడుతుంది? అమ్మవారికి నేను సర్ది చెప్పుకుంటాను, పాపం నాది, బలం అమ్మది. నాలుగూ కొట్టి పిండిలో కలిపేశాను. వాఫిళ్ళు పొంగి, బంగారు రంగులో, ఆ వీడియోలో ఉన్నట్టే వచ్చాయి. పళ్ళెంలో పెట్టుకుని తిరిగేసరికి వాకరు చప్పుడు. అమ్మ వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. ఏం కలిపావని కూడా అడగలేదు. ఉల్లిపాయ రోజున కూడా అడిగి మరీ తిన్న మనిషి, ఆ రోజు ఏమీ అడక్కుండా చెయ్యి చాపింది.

"ఇవి నీకు కాదు," అన్నాను.

"మరెవరికిరా?"

"నాకు. నాకు బాగా ఆకలేస్తోంది."

అమ్మ కళ్ళ ముందే కూర్చుని ఆరు వాఫిళ్ళు తిన్నాను. నాలుగోది దాటాక ఎవరో మెడ పట్టుకుని తోస్తున్నట్టుంది. అమ్మ నోరు తెరుచుకుని చూసింది. "ఇంత ఆకలి పెట్టుకుని రోజూ నాకు పెడుతున్నావా నాన్నా?" అంది. ఆ మాటకి ఏడుపొచ్చింది. పొలమారిందనుకుని అమ్మ నెత్తి మీద తట్టింది.

దారి చూపించింది చివరికి అమ్మే. ఊరి నుంచి వచ్చిన పెసల మూట ఒకటి మంచం కింద ఉండేది. మా వైపు వరి కోతకి ముందే చేలో పెసలు చల్లేస్తారు, వరి పోయాక అవి లేస్తాయి. "ఆ పహిల్వాను పొడి అవతల పారేసి పెసలు నానపొయ్యి," అంది. నేను నా వంతు చదువు చూపించాను. పెసలతో పాటు గుప్పెడు శనగపప్పు, వేయించిన వేరుశనగపప్పు, దండిగా పనీరు, అల్లం, పచ్చిమిరపకాయలు, కరివేపాకు. నీళ్ళు తక్కువ పోసి గట్టిగా రుబ్బి, నెయ్యి రాసి మిషన్లో వేశాను. పచ్చగా, అంచులు కరకరలాడుతూ, లోపల మెత్తగా ఒక వాఫిల్ దానంతట అదే ఊడొచ్చింది.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నులక మంచం అచ్చు వేసినట్టుంది. గళ్ళట్టు," అని పేరు పెట్టింది. అల్లప్పచ్చడి వేసుకుని ఒకటి తింది. రెండోది అడగలేదు, పళ్ళెం కొంచెం ముందుకి జరిపింది.

"బాగుందా?"

"గుంటల్లో పచ్చడి నిలుస్తోంది," అంది. అమ్మ నోటి నుంచి మెప్పు ఇంతకంటే రాదు. మర్నాడు మాత్రం వెయ్యి వంకలు పెట్టింది. ఉప్పు చాల్లేదు, అల్లం ఘాటు, కరివేపాకు కాడలు తగులుతున్నాయి, ఇది పెసరట్టుని అవమానించడం, మీ నాన్నగారుంటే ఈ మిషన్ని కాలవలో వేసేవారు. వంకలు పెడుతూనే రెండు తినేది. రోజూ.

వర్షాకాలమంతా ఆ గళ్ళట్టు మీదే గడిచింది. ఫిజియో కుర్రాడు కాలికి ఇసక సంచి కట్టి లేపిస్తే మొదట్లో పది, తర్వాత ఇరవై. టీవీ దగ్గర ఆగడం మానేసింది. దసరా రద్దీ తగ్గేసరికి కర్రతో మా అపార్టుమెంటు మెట్లు దిగి, వాచ్‌మన్‌కి పనెలా చెయ్యాలో చెప్పి, ఎక్కి వచ్చింది. నేను వెనకాలే చేతులు చాపి నడిచాను. "ఏంట్రా, కోడిపిల్లని పట్టేవాడిలా?" అని కసిరింది.

ఇందులో ఒక నష్టం జరిగింది. మిషన్లో ఒక వాయికి నాలుగొస్తాయి. అమ్మ తినేది రెండు, నా భార్య ఒకటి కూడా తినదు. అమ్మ కోసం చేసింది పారేస్తామా? రెండూ నేనే, నెయ్యితో. పైగా అంతకు ముందు చెడిపోయినవన్నీ కూడా నా పొట్టలోకే వెళ్ళాయి. ఆఫీసులో పెట్టిన వైద్య శిబిరంలో నాకు బీపీ ఉందన్నారు. ప్యాంట్లు రెండు మూలపడ్డాయి. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదేనని నా భార్య మాత్ర చేతిలో పెడుతూ అంది.

మార్గశిరంలో ఒక చలి పొద్దున్న కొండకి వెళ్ళాం. దర్శనం అయ్యాక తినడానికి స్టీలు డబ్బాలో నాలుగు గళ్ళట్లు పెట్టుకున్నాను. అమ్మ ఇంకా ఒంగలేదు కాబట్టి మెట్టుకి పసుపు నా భార్య రాయాలి, కుంకుమ బొట్టు నేను పెట్టాలి, అమ్మ ఎక్కాలి. అలా ఒప్పందం. మొదటి మలుపు దాకా నేనే అమ్మకి ధైర్యం చెప్పాను. ఆ తర్వాత నాకు ఎవరైనా చెబితే బాగుండుననిపించింది. మెట్టుమెట్టుకీ ఒంగడం, లేవడం, పొట్ట అడ్డం. అమ్మ కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని, నిదానంగా, ఆగకుండా ఎక్కుతోంది. సగం దాటాక నాకంటే నాలుగు మెట్లు పైన నిలబడి నా కోసం ఆగింది. నేను వచ్చేదాకా కొండ కింద కనపడే ఊరిని చూస్తున్నట్టు నటించింది. ఆ నటన నేనెరుగుదును. ఈసారి అది నా కోసం.

"మెల్లిగా రా నాన్నా. తొందరేం లేదు," అంది.

ఆఖరి మెట్టుకి బొట్టు పెట్టి అక్కడే కూలబడ్డాను. చెమటలు, గుండె దడ. అమ్మ నిలబడే ఉంది, తన కాళ్ళ మీద, ఏ ఆసరా లేకుండా. నాకు ఆనందంతో మాట రాలేదు. ఊపిరీ రాలేదు, అది వేరే సంగతి. అమ్మ నా మొహం చూసింది, పొట్ట చూసింది. గుళ్ళో మామూలు కంటే చాలాసేపు కళ్ళు మూసుకుంది. ఆ పెదాల కదలిక చూసి నాకు అనుమానం వచ్చింది.

బయటికొచ్చి ఒక పక్కగా నీడలో కూర్చున్నాం. "అమ్మా, మొక్కు తీరింది. రేపట్నుంచి రెండు గుడ్లు," అన్నాను.

"తింటాలే. చేపల పులుసు కూడా."

"మరి లోపల అంతసేపు ఏం అడిగావు?"

"నీ బీపీ తగ్గాలని. ఆ పొట్ట కూడా."

"మళ్ళీ మొక్కావా? ఏం వదిలేశావమ్మా ఈసారి?"

అమ్మ కొంగుతో నా నుదుటి మీద చెమట తుడిచింది. "గళ్ళట్టు," అంది.

నా భార్య చటుక్కున అటు తిరిగింది, ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నాకు ఒళ్ళు మండింది. ఆరు నెలలు వంకలు పెట్టి, ఆఖరికి అమ్మవారి పేరు చెప్పి తప్పించుకుంటావా అని అడగబోయాను. అడిగితే కాకరకాయ మాట ఎత్తాలి. ఎత్తబోయి ఆగిపోయాను. ప్రాణమైనదాన్నే వదలాలని నాకు మామిడిపళ్ళు మాన్పించిన మనిషి, అమ్మవారి దగ్గర వేషం వేస్తుందా? నేను కోపంగానే డబ్బా మూత తీశాను.

అమ్మ ఒంగింది. ఇంకా ఒంగడం రాదన్న మనిషే, ఆ డబ్బా మీదికి ఒంగి, కళ్ళు మూసుకుని, వాసన చూసింది.

"కరివేపాకు ఈసారి సరిగ్గా పడిందిరా," అంది. తర్వాత మూత తనే పెట్టేసింది.